మీ అప్పు జూన్‌లో పుట్టింది

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివి, కాగితం మీద అంకెలు వేసుకున్నాకే ఈ జవాబు రాస్తున్నాను. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ లెక్క క్లుప్తంగా చెబుతాను.

మీది కరీంనగర్. మీ ఆయనకు చేతికొచ్చే జీతం 38,000. మీకు ప్రైవేట్ స్కూల్లో 14,000. ఇద్దరు పిల్లలు, షుగర్, బీపీ ఉన్న అత్తగారు. ఇంటి కిరాయి 8,000. అప్పుల విషయానికొస్తే క్రెడిట్ కార్డు మీద 96,000 ఉంది, నెలకు 4,800 కడుతున్నారు. పర్సనల్ లోన్ బాకీ 2,40,000, వాయిదా 9,400. ఆడపడుచు పెళ్లికి బంధువు దగ్గర రెండు రూపాయల మిత్తికి తెచ్చింది 1,50,000, దానికి నెలకు మిత్తి 3,000. బ్యాంకులో బంగారం మీద 1,80,000. బండికి 3,100 చొప్పున ఇంకా ఏడు వాయిదాలు. ఇవిగాక 30 నెలల చిట్టీ ఒకటి, 3 లక్షలది. 11 కంతులు కట్టారు, ఇంకా ఎత్తలేదు, డివిడెండ్ (నెలనెలా పాటలో చిట్టీ ఎత్తినవాళ్లు వదులుకునే డబ్బులో మీ వాటా) పోను నెలకు 8,500 కడుతున్నారు. పాలు, కూరగాయల దగ్గర కూడా తగ్గించినా ఎందుకు మిగలట్లేదని మీ ప్రశ్న. ముందు ఏ అప్పు తీర్చాలి, చిట్టీ ఆపాలా, బంగారం అమ్మాలా, అత్తగారికి చెప్పాలా వద్దా అని కూడా అడిగారు.

నా గురించి రెండు మాటలు. హనుమకొండలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో 24 ఏళ్లు పనిచేశాను, అందులో చాలాకాలం లోన్ల సీటే. కానీ ఈ జవాబు ఆ అనుభవంతో రాస్తున్నది కాదు. 2012లో మా ఆయన జిరాక్స్ షాపు మూతపడింది. వెనక్కి తిరిగి చూసుకుంటే 7 లక్షల 40 వేల అప్పు. పగలు కౌంటర్‌లో కూర్చుని జనానికి వడ్డీ శాతాలు వివరించేదాన్ని, ఒకటో తారీఖు సాయంత్రం మూడు రూపాయల మిత్తి ఇచ్చి వచ్చేదాన్ని. తోటి ఉద్యోగులకు తెలిస్తే ఏమనుకుంటారోనని 2014 దాకా ఎవరికీ చెప్పలేదు. 2018లో చివరి బాకీ తీరింది. మధ్యలో చేయకూడని పనులు కూడా చేశాను, వాటి సంగతీ చెబుతాను.

ముందు మీ మొదటి ప్రశ్న. మీ ఇంట్లో దుబారా ఏమీ కనిపించలేదు. కిరాణా 7,500, పాలు 2,100, కూరగాయలు, గుడ్లు, ఆదివారం చికెన్ కలిపి 3,000, గ్యాసు 900, కరెంటు 700, ఫోన్లు 900, పెట్రోలు 2,000, అత్తగారి మందులు 1,400. మొత్తం 18,500. ఐదుగురున్న ఇల్లు ఇంతకన్నా తక్కువలో నడవదు. పిల్లల పాలల్లో కోత పెట్టి అప్పు తీర్చినవాళ్లను నేను చూడలేదు.

దీనికి కిరాయి 8,000, అప్పులకూ చిట్టీకీ కలిపి కడుతున్న 28,800 కలిపితే 55,300. జీతాలు 52,000. అంటే నెల మొదలవడమే 3,300 లోటుతో మొదలవుతోంది. ఇది మీకూ తెలుసు. మీ కాగితంలో లేనిది ఇంకొకటుంది, అసలు కథ అక్కడే ఉంది.

మీ స్కూలు 11 నెలల జీతమే ఇస్తుందని, మే నెల రాదని మీరే ఒక వాక్యంలో రాసి వదిలేశారు. అది 14,000. వెంటనే జూన్. స్టాఫ్ రాయితీ పోను ఇద్దరి ఫీజు ఏడాదికి 36,000. పుస్తకాలు, బూట్లు, యూనిఫాం 9,000. బతుకమ్మ, దసరా బట్టలకు 10,000. పెళ్లిళ్ల చదివింపులు, ఒడిబియ్యాలు, గృహప్రవేశాలకు 12,000 వేశాను. మన వైపు ఇది ఇంకా తక్కువేనేమో. బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ 5,000. బంగారం లోన్ మీరు ఏడాదికోసారి తిరగరాయించుకుంటున్నారు కాబట్టి దాని వడ్డీ మీకు నెల ఖర్చులా కనిపించదు. తొమ్మిదిన్నర శాతం చొప్పున 17,100. అన్నీ కూడితే 1,03,100. పన్నెండుతో భాగిస్తే నెలకు దాదాపు 8,600.

ఈ 8,600 మీ నెల లెక్కలో ఎక్కడా లేదు. పైన చెప్పిన 3,300 కలిపితే నెలకు 11,900 లోటు. ఏడాదికి 1,42,800. ఇప్పుడు మీరు రాసిన ఇంకో మాట చూడండి: పోయిన ఏడాది కార్డు బాకీ 30,000 ఉండేది, బంగారం మీద 1,10,000 ఉండేది. రెండూ కలిపి ఏడాదిలో పెరిగింది 1,36,000. లెక్క ఇంచుమించు సరిపోయింది కదా! మిగిలిన ఆ కొద్ది తేడా మీరు కుట్టే బ్లౌజుల డబ్బు అయి ఉంటుంది. దానికి లెక్క పెట్టుకోవట్లేదన్నారు.

కార్డు స్టేట్‌మెంట్లు ఏడాదివి దించుకుని చూడండి. బాకీ ఒక్కసారిగా ఎగిరిన నెలలు రెండే ఉంటాయి, జూన్ ఒకటి, దసరా నెల ఒకటి. మా ఇంట్లోనూ అంతే. మేము రోజూ టీ పొడి దగ్గర పీనాసితనం చేశాం, రెండేళ్లకోసారి మేడారం జాతరకు మాత్రం బంధువులందరితో జీపు కట్టుకుని వెళ్లి, ఎత్తు బంగారం (అంటే మనిషి బరువంత బెల్లం) మొక్కు చెల్లించి, వచ్చాక ఇరవై వేలు ఎవరి దగ్గర తేవాలా అని కూర్చున్నాం. అమ్మవార్లకు మొక్కడం తప్పని నేననను. జాతర ఎప్పుడొస్తుందో రెండేళ్ల ముందే తెలిసి, నెలకు వెయ్యి పక్కన పెట్టని తెలివితక్కువతనం గురించి చెబుతున్నాను.

ఇక అప్పుల సంగతి. అన్నింటినీ ఒకే కొలతలోకి తెస్తేనే ఏది ఎంత తింటోందో తెలుస్తుంది. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. మీ పర్సనల్ లోన్ 16 శాతం. బంగారం 9.5. కార్డు స్టేట్‌మెంట్ అడుగున చిన్న అక్షరాల్లో నెలకు 3.5 శాతం అని ఉందన్నారు. అంటే ఏడాదికి 42 శాతం, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. 96,000 మీద నెల వడ్డీ 3,360, జీఎస్టీ 605. మీరు కట్టే 4,800లో అసలుకు పోయేది 835 రూపాయలు. పైగా పాత బాకీ ఉండగా కార్డు మీద కొత్తగా ఏం కొన్నా దానికి వడ్డీ లేని గడువు దొరకదు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. రివార్డు పాయింట్లు వస్తున్నాయని మీ ఆయన కార్డుతోనే కిరాణా కొంటున్నారన్నారు కదా, ఆ పాయింట్ల కంటే వడ్డీ ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ రోజే ఫోన్లోంచి, షాపింగ్ యాప్‌ల్లోంచి కార్డు నంబరు తీసేయండి. బాకీ తీరాక కార్డు ఉంచుకోవాలా వద్దా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

చిన్న అప్పు ముందు తీరిస్తే ధైర్యం వస్తుందని కొందరు చెబుతారు. మీ విషయంలో చిన్నది బండి, అది ఏడు నెలల్లో దానంతటదే పోతుంది. కాబట్టి ఆ చర్చ మనకు అక్కర్లేదు. కార్డు, ఆ తర్వాత మిత్తి అప్పు. వీటికి డబ్బు ఎక్కడిది? మీ చేతిలోనే ఉంది. ఆపేయాలా అని మీరు అడుగుతున్న చిట్టీయే ఆ డబ్బు.

చిట్టీ ఆపకండి. మధ్యలో మానేస్తే మీ స్థానంలో ఇంకొకరు చేరేదాకానో, చిట్టీ ముగిసేదాకానో కట్టిన డబ్బు చేతికి రాదు, వచ్చినప్పుడు కూడా కోతలుంటాయి. వచ్చే పాటలో (చిట్టీ వేలంలో) పాడి, డబ్బు ఎత్తుకోండి. మీరు నెలకు 8,500 కడుతున్నారంటే డివిడెండ్ 1,500. 30 మందికి 45,000. దానికి కంపెనీ కమీషన్ 5 శాతం లెక్కన 15,000 కలిపితే, ఈ మధ్య పాటలు 60,000 తగ్గింపు దగ్గర ఆగుతున్నాయని అర్థం. కమీషన్ 7 శాతం దాకా చట్టం ఒప్పుకుంటుంది, మీ అగ్రిమెంట్‌లో ఎంతుందో చూసుకోండి. అంటే ఇప్పుడు ఎత్తితే చేతికి 2,40,000 వస్తుంది. చివరిదాకా ఆగితే కమీషన్ పోను 2,85,000. ఆగితే 45,000 ఎక్కువ వస్తుందని మీ ఆయన అంటున్నది నిజమే.

కానీ ఆ ఆగే 18 నెలలూ కార్డుకు నెలకు 3,965, మిత్తి అప్పులో 1,20,000కు 2,400 పోతూనే ఉంటాయి. నెలకు 6,365 చొప్పున 18 నెలలకు 1,14,570. నలభై ఐదు వేల కోసం లక్షా పద్నాలుగు వేలు పోగొట్టుకోవడం అవుతుంది. ఈ లెక్క కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి, నోటితో చెబితే గొడవ అవుతుంది. మా ఇంట్లో అయింది.

అప్పు 1,50,000 అయితే 1,20,000 అని ఎందుకన్నానంటే, వచ్చిన 2,40,000లో కార్డుకు మొత్తం 96,000 కట్టేయండి, బంధువుకు 1,20,000 ఇవ్వండి, మిగిలిన 24,000 మాత్రం ఎవరికీ ఇవ్వకండి. 24 శాతం అప్పు పెట్టుకుని చేతిలో డబ్బు ఉంచుకోవడమేమిటని ఎవరైనా అంటారు. బ్యాంకులో కూర్చున్నప్పుడు నేనూ అలాగే అనేదాన్ని. 2014లో చేతిలోని చివరి రూపాయి దాకా అప్పుకు కట్టేసి గొప్పగా ఊపిరి పీల్చుకున్నాను. సరిగ్గా ఇరవై రోజులకు చిన్నమ్మాయికి డెంగీ. మళ్లీ కార్డు, మళ్లీ నలభై వేలు. మిగిలే 30,000కు మీరు నెలకు 600 మిత్తి కడతారు. దాన్ని చేతిలో ఉన్న 24,000కు కట్టే అద్దె అనుకోండి.

ఇప్పుడు కొత్త నెల ఎలా ఉంటుందో చూద్దాం. పర్సనల్ లోన్, బండి, చిట్టీ కలిపి 21,000, మిత్తి 600, కిరాయి 8,000, ఇల్లు 18,500. మొత్తం 48,100. మిగిలేది 3,900. ఏడాది ఖర్చుల కోసం నెలకు కావాల్సింది 8,600. ఇంకా 4,700 తక్కువ, బండి వాయిదాలు అయ్యేదాకా ఏడు నెలలకు 32,900. ఆ 24,000 ఇక్కడ పనికొస్తుంది. మిగతాది రెండు చోట్ల దొరుకుతుంది. మీరు స్కూలుకు స్కూటీ మీద వెళ్తున్నారు. మీ దారిలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉన్నాయంటున్నారు కాబట్టి, 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఉన్న ఉచిత ప్రయాణం వాడుకుంటే పెట్రోలులో 700 తగ్గుతుంది. నిలబడి వెళ్లాల్సి వస్తుంది, నిజమే. రెండోది అత్తగారి మందులు. డాక్టరును అడిగి, అదే మందు జన ఔషధి దుకాణంలో జెనరిక్ తీసుకుంటే 1,400 సగానికి దగ్గరగా వస్తుంది, 600 తగ్గుతుందని వేసుకున్నాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగానే ఇస్తారు. డాక్టరుకు చెప్పకుండా మాత్రం మందు మార్చకండి. నెలకు 1,300 చొప్పున ఏడు నెలలకు 9,100. 24,000తో కలిపితే 33,100. ఒడ్డున పడ్డాం.

బండి అయిపోయాక ఆ 3,100 కలిసి నెలకు 8,300 వరకు మిగులుతుంది, ఇంకా 300 తక్కువ. పైగా చిట్టీ చివరికొచ్చే కొద్దీ పాట తగ్గుతుంది, డివిడెండ్ తగ్గుతుంది, మీ కంతు 9,000 దాటుతుంది. ఆ తేడాకు బ్లౌజుల డబ్బు. దానికి ఒక డబ్బా పెట్టండి, మాఘం, వైశాఖం ముహూర్తాల్లో ఎంత వస్తుందో మీకే తెలుస్తుంది. ఆ డబ్బాలోంచి మధ్యలో పిల్లల ఐస్‌క్రీముకు తీసుకుంటే ఏమీ అనను.

చిట్టీ ఎత్తడంలో ఒక ఇబ్బంది ఉంది, ష్యూరిటీలు. రిజిస్టర్ అయిన కంపెనీ అయితే ఇద్దరు ముగ్గురు జీతగాళ్ల జామీను అడుగుతుంది, ప్రభుత్వ ఉద్యోగులైతే ఇంకా సంతోషిస్తుంది. పాట పాడేశాక జనాన్ని వెతుక్కుంటే డబ్బు కంపెనీ దగ్గరే కూర్చుంటుంది, మీరు కంతు కడుతూనే ఉంటారు. ముందు మనుషుల్ని చూసుకుని తర్వాత పాడండి. ఎత్తినవాళ్లకు కూడా డివిడెండ్ వస్తుందో లేదో అగ్రిమెంట్‌లో చూడండి. కాలనీల్లో నడిపే చేతి చిట్టీల్లో చాలాచోట్ల ఎత్తినవాళ్లు పూర్తి కంతు కట్టాలి. కంపెనీ చిట్టీల్లో సాధారణంగా వస్తుంది, కానీ గడువు దాటి కడితే ఆ నెల డివిడెండ్ పోతుంది. మీది ఒకవేళ చేతి చిట్టీ అయితే నా లెక్క మారుతుంది, అప్పుడు మళ్లీ రాయండి.

ష్యూరిటీలు దొరక్కపోతే రెండో దారి బంగారం. మీరు కుదువ పెట్టినప్పటికీ ఇప్పటికీ ధర చాలా పెరిగింది, 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష దాటింది. అదే నగల మీద ఇంకా ఇస్తామని బ్యాంకు నుంచే ఫోన్లు వస్తుంటాయి. ఆ ఫోనుకు ఒప్పుకోదగ్గ కారణం ఒక్కటే, 9.5 శాతంతో తెచ్చి 42 శాతం కార్డును ఆ రోజే మూసేయడం. డబ్బు ఖాతాలో పడిన గంటలో కార్డుకు పోవాలి, రాత్రికి ఉంటే ఇంకేదో ఖర్చు గుర్తొస్తుంది. అదీ కుదరకపోతే కార్డు కంపెనీకి ఫోన్ చేసి మొత్తం బాకీని వాయిదాల్లోకి మార్చమనండి. శాతం సగానికి తగ్గవచ్చు, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడిగి రాసుకోండి.

బంగారం అమ్మాలా అన్నారు. పుస్తెలు, మీ అమ్మగారు పెట్టినవి అమ్మమని నేను చెప్పను. తెగిపోయిన గొలుసులు, జత పోయిన కమ్మలు, పిల్లల చిన్నప్పటి ఉంగరాలు బీరువాలో ఉంటే అవి అమ్మి మిత్తి అప్పుకు కట్టొచ్చు. మార్చి కొత్తది చేయించుకోమని షాపువాళ్లు అంటారు, వినకండి, తరుగు, మజూరీ మళ్లీ మీ నెత్తినే.

బంధువు అప్పుకు ప్రోనోటు రాసిచ్చారు కదా. 1,20,000 ఇచ్చేటప్పుడు నోటు తెప్పించి, దాని వెనక తేదీ వేసి, ఇంత ముట్టిందని చెల్లు రాయించండి. ఒక ఫొటో తీసుకోండి. నగదు కాకుండా బ్యాంకు ద్వారా పంపితే ఇంకా మంచిది. చెల్లు రాస్తే నోటు కాలపరిమితి ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు పెరుగుతుంది, అది ఆయనకు లాభమే, కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మొత్తం తీరిన రోజు నోటు చేతికి తీసుకోవాలి. ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే అదీ. మా ఆయన ఒకరికి అప్పు తీర్చి చెక్కు అడగడం మరిచిపోయారు. రెండేళ్ల తర్వాత ఆ చెక్కు బ్యాంకులో వేసి నోటీసు పంపించారు. తీర్చామని చూపించుకోవడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది.

పర్సనల్ లోన్‌ను ఇప్పుడు ముట్టుకోకండి. అది స్థిర వడ్డీ లోన్, ముందే మూస్తే మిగిలిన అసలు మీద రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తారు. 31, 32 నెలల్లో అదే అయిపోతుంది. తేదీ మాత్రం తప్పకూడదు. వాయిదా వెనక్కి పోతే మీ బ్యాంకు ఒకసారి, లోన్ ఇచ్చినవాళ్లు ఒకసారి కోస్తారు. జీతం ఒకటిన పడుతుందంటే వాయిదా తేదీ మూడో నాలుగో ఉండేలా మార్చమని దరఖాస్తు పెట్టండి.

ఇల్లు నడిపే పద్ధతి మా ఇంట్లో ఇలా కుదిరింది. మూడు ఖాతాలు. జీతం పడే ఖాతాలోంచి కిరాయి, వాయిదాలు, చిట్టీ పోతాయి. ఏడాది ఖర్చుల 8,600 అదే రోజు రెండో ఖాతాకు పోతుంది, ఆ ఖాతాకు యూపీఐ పెట్టకూడదు, ఏటీఎం కార్డు అత్తగారి దగ్గర ఉన్నా మంచిదే. మూడోది ఇంటి ఖర్చు ఖాతా. దానికి నెల డబ్బు ఒకేసారి వేయకూడదు. కరెంటు, ఫోన్లు, గ్యాసు పోగా మిగిలినదాన్ని వారాలుగా విడగొట్టి ప్రతి సోమవారం వేయాలి. గురువారానికి అయిపోతే శుక్రవారం పప్పుచారు, అంతే. ఫోన్‌తో ఇరవై, ముప్పై కట్టేస్తుంటే లెక్క తెలియదని చాలామంది రాస్తుంటారు, అది నిజం. కానీ ప్రతి ఇరవై రూపాయలూ పుస్తకంలో రాయమని నేను చెప్పను. నేను మూడు నెలలు రాసి విసుగొచ్చి మానేశాను. వారం డబ్బు అయిపోయిందా లేదా, ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు.

అత్తగారి విషయం. చెప్పండి. నేను రెండేళ్లు దాచాను. తెలిసిన రోజు మా అత్తగారు కోప్పడి మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఇంకో రకం కష్టం మొదలైంది: ఎవరొచ్చినా వినేలా, "మాకు అప్పులున్నయి బిడ్డా, ఈసారి చీర పెట్టలేం, జాకెట్ ముక్కతోనే సర్దుకోండి" అనేవారు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. కానీ ఆ ఏడాది చదివింపుల ఖర్చు సగమైంది. నేను పదేళ్లు ప్రయత్నించినా బంధువులకు చెప్పలేని మాట ఆమె నెలలో చెప్పేశారు. ఈ అప్పులో పెద్ద భాగం ఆమె కూతురి పెళ్లిదే అన్నారు కదా, మీ ఆయన చెప్పాలి, మీరు కాదు. మీ నోటి నుంచి వస్తే అది ఆడపడుచు మీద ఫిర్యాదులా వినిపిస్తుంది. మీరు పక్కనే కూర్చోండి.

పిల్లలకు ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. ఆరో తరగతి అమ్మాయికి "ఈ మూడేళ్లు కొన్ని కొనలేం" అని చెబితే అర్థమవుతుంది. మిత్తి అంకెలు చెప్పక్కర్లేదు.

రెండు గోతులున్నాయి, జాగ్రత్త. లోటు వచ్చిన నెలలో ఫోన్‌లో ఐదు నిమిషాల్లో ఐదు వేలు ఇస్తామనే యాప్‌లు కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లకండి. తప్పదనుకున్నా, లోన్ ఇచ్చేది ఏ బ్యాంకో, ఏ ఫైనాన్స్ కంపెనీయో పేరు చూసి, ఆ యాప్ రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉందో లేదో చూడండి. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు అడిగే యాప్ అయితే అక్కడే తీసేయండి. ఇప్పటికే ఏదైనా బాకీ గురించి ఫోన్లు వస్తుంటే, వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం. ఆ మాట ఒక్కసారి గట్టిగా అనండి, చాలామంది గొంతు మారుతుంది.

రెండో గొయ్యిలో నేనే పడ్డాను. 2014లో మా ఆయన కార్డు ఒకదానికి 70,000 బాకీ ఉంటే 38,000 కట్టి సెటిల్ చేసుకోమన్నారు. సంబరంగా కట్టాం. 2019లో పెద్దమ్మాయి చదువు లోన్‌కు తండ్రిని సహ రుణగ్రహీతగా పెడితే, సిబిల్ రిపోర్టులో (మన అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టు) ఆ కార్డు ఎదురుగా "సెటిల్డ్" అని ఉంది, "క్లోజ్డ్" అని లేదు. అంటే పూర్తిగా కట్టలేదని అర్థం. లోన్ మూడు నెలలు ఆగింది, చివరికి నా పేరు మీద వచ్చింది. బ్యాంకులో పనిచేస్తూ నాకే ఆ తేడా తట్టలేదు, ఎందుకంటే ఆ రోజు నాకు కావాల్సింది ఫోన్లు ఆగడం. మీరు కార్డు తీర్చేటప్పుడు పూర్తి బాకీ కట్టి, బాకీ లేదనే లెటర్ తీసుకోండి. రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు చూడండి, ఏడాదికోసారి ఉచితంగానే ఇస్తారు.

హాస్పిటల్ సంగతి ఒక్కటి మిగిలింది. ఈ లెక్కంతా ఒక్క ఆపరేషన్‌తో తలకిందులవుతుంది. మీ ఆయన కంపెనీ ఇన్సూరెన్స్‌లో మీరు, పిల్లలు ఉన్నారో లేదో, కొంత కట్టి తల్లిని చేర్చవచ్చేమో ముందు కనుక్కోండి. లేకపోతే బండి వాయిదాలు అవగానే మీ నలుగురికి ఒక పాలసీ చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, టర్మ్ జీవిత బీమా పాలసీ మీద కూడా లేదు. దానికి చదివింపుల డబ్బులోంచి కోసినా తప్పులేదు, మా అత్తగారి లాంటి మనిషి మీ ఇంట్లో కూడా ఉన్నారు కదా.

ఎన్నాళ్లు పడుతుందని మీరు అడగలేదు, భయపడి అడగలేదేమో. వచ్చే నెల చిట్టీ ఎత్తారనుకుంటే 19 నెలలకు కంతులు అయిపోతాయి. అక్కడి నుంచి నెలకు 8,500 చేతికి తిరిగొస్తుంది. నాలుగు నెలల్లో ఆ మిగిలిన 30,000 తీరి ప్రోనోటు ఇంటికొస్తుంది. తర్వాత ఆ డబ్బు బంగారానికి కడుతూ ఉండండి. 32వ నెలలో పర్సనల్ లోన్ పోతుంది, ఆ 9,400 కూడా బంగారానికే. 38వ నెలకు నగలు బ్యాంకు నుంచి బయటికొస్తాయి. మూడేళ్ల రెండు నెలలు. మధ్యలో ఒక పెళ్లో, ఒక ఆసుపత్రో వస్తాయి కాబట్టి నాలుగేళ్లని మనసులో పెట్టుకోండి. మాకు ఆరేళ్లు పట్టింది.

ఈ వారం చేయాల్సింది రెండు ఫోన్లు. ఒకటి చిట్టీ ఆఫీసుకు: వచ్చే పాట ఏ తేదీన, ఎంతమంది ష్యూరిటీలు కావాలి, ఎత్తాక డివిడెండ్ ఉందా. రెండోది, ప్రభుత్వ ఉద్యోగం ఉన్న మీ మేనమామగారికి. ఆయన్ని అడగడం మీకు ఇష్టం లేదని రాశారు. ఫోన్‌లో కాదు, ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్లి అడగండి, ఈ లెక్కల కాగితం చేతిలో పట్టుకుని.